అయ్యగారి కారు, సునీత సాక్ష్యం

బైబిలు స్త్రీ పనికి ముందు కావలసింది వాక్యజ్ఞానం కాదు. ఎవరూ పిలవని వంటింట్లోకి వెళ్లి పీట వాల్చుకుని కూర్చోగలిగే మొండితనం. ట్రైనింగ్ స్కూల్లో ఈ సంగతి చెప్పరు. అక్కడ పాటలు కంఠతా పట్టిస్తారు, తెల్లచీర ఇస్తారు, ఫొటో తీస్తారు. ఆ తెల్లచీర మొదటి వానాకాలంలోనే పేటల బురదకు రంగు మారిపోతుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

నేను పెద్దాపురం చుట్టుపక్కల పేటల్లో, సంఘం తరపున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల మంచిచెడ్డలు చూసే ఈ పని చేసి రిటైరయ్యాను. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదని మా చెల్లెలు అంటుంది. ఈమధ్య ట్రైనింగ్ పూర్తి చేసుకున్న అమ్మాయిలు కొందరు వచ్చి, "మీ అనుభవాలు రాయండమ్మా, మాకు పనికొస్తాయి" అన్నారు. వాళ్లు అద్భుతాల కథలు ఆశించారనుకుంటాను. నా దగ్గర ఉన్నవే రాస్తున్నాను. ముఖ్యంగా ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. ఈ రోజుల్లో ఏ గడప తొక్కినా మిమ్మల్ని అదే అడుగుతారు. దేవుడి పని చేసేవాడు ఆ పని మీద ధనవంతుడు కావచ్చునా అని.

వంటింటి సంగతులు

మా పేటల్లో పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉండేది. అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. అది దేవుడి భాగం. వారమంతా పోగైన బియ్యాన్ని ఆదివారం గుడికి తెచ్చి గంపలో పోస్తారు. అందులో కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, కొంత దిక్కులేని ముసలివాళ్లకు. గుడికి రాలేనివాళ్ల ఇళ్లకు శనివారం నేనే వెళ్లి తెచ్చేదాన్ని.

ఆ కుండలోకి చూస్తే ఇంటి సంగతి తెలిసిపోయేది. సగం కూడా నిండలేదంటే ఆ వారం ఆ ఇంట్లో కొన్ని పూటలు పొయ్యి వెలగలేదన్నమాట. మొగుడు కూలి డబ్బులు తాగేశాడనీ, ఊడ్పులకు వెళ్లిన మనిషి నడుం పట్టేసి పడుకుందనీ నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ. బియ్యం తేవడానికి వెళ్లి, పక్కింట్లో తీసుకున్న బియ్యం కూడా వాళ్ల కుండలోనే పోసి వచ్చిన రోజులున్నాయి. సంఘపెద్దలకు తెలిస్తే ఊరుకునేవారు కాదు. అందుకని చెప్పలేదు.

మిగతా పని ఏంటంటారా? పురిటి మంచం దగ్గర కూర్చోవడం. అత్తాకోడళ్ల మధ్య కూర్చోవడం. ఆడవాళ్లు చనిపోతే స్నానం చేయించి బట్ట కట్టడం. మరిడమ్మ జాతరకు కోడిపుంజుతో బయల్దేరిన ఆవిడ కూడా దారిలో నన్ను ఆపి, "మా పిల్లాడికి జొరం తగ్గట్లేదండి, మీరూ ఓ మాట అనుకోండి మీ దేవుడికి" అనేది. అనుకునేదాన్ని. పాస్టర్లు ప్రసంగ పీఠం మీద నిలబడి జనాన్ని చూస్తారు. మనం పీట మీద కూర్చుని చూస్తాం. చాలాసార్లు మనకు కనబడింది వాళ్లకు కనబడదు.

ఇశ్రాయేలు అయ్యగారి ఇల్లు

నేను మొదట పనిచేసింది ఇశ్రాయేలు అయ్యగారి దగ్గర. మిషను సంఘం పాస్టరు. పాత సైకిలు, రెండు జతల బట్టలు. ఎవరైనా చేతిలో డబ్బు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఆయన గురించి సంఘమంతా గొప్పగా చెప్పుకునేది. "మా అయ్యగారు దేవదూతండి, ఆయనకేం అక్కర్లేదు" అనేవారు. అక్కర్లేదు అనుకున్నాక ఇక పెట్టేవాళ్లెవరు? అడగందే అమ్మైనా పెట్టదు. మిషను నుంచి రావలసిన జీతం కూడా నెలలు దాటి వచ్చేది.

ఆయన భార్య రత్నమ్మగారు. ఆమెకు ఒంట్లో రక్తం లేదు. గోళ్లు సున్నం రాసినట్టు ఉండేవి. గిన్నెలు తోముతూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయేది. "డాక్టరుకు చూపించుకోరా అమ్మగారూ" అంటే, "అయ్యగారికి చెప్పకమ్మా ఎస్తేరూ, బాధపడతారు" అనేది. ఆయన నిజంగానే గమనించలేదు. ఉపవాస ప్రార్థనల్లో లోకం కోసం ఏడ్చిన మనిషి, సొంత వంటింట్లోకి ఒకసారి తొంగి చూడలేదు. ఆమె వర్షాకాలంలో విరేచనాలు పట్టుకుని, తట్టుకునే బలం లేక చనిపోయింది. సంఘం పెద్ద ఎత్తున సమాధి కట్టించింది. ఆ రాళ్ల ఖర్చులో సగం ముందే పెట్టి ఉంటే ఆ సమాధి అవసరం ఉండేది కాదని నేను సంఘపెద్ద మొహం మీదే అన్నాను. అప్పటినుంచి నాకు గయ్యాళి అని పేరు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాస్టరు పేదవాడుగా ఉంటే చాలు పవిత్రుడైపోతాడని మీరు అనుకోకూడదు. కళ్లంలో తిరిగే ఎద్దు మూతికి చిక్కం కట్టడం పాపం. పాస్టరుకు నెల నెలా జీతం రావాలి, ఇంట్లో బాత్రూం ఉండాలి, పిల్లలు చదువుకోవాలి, భార్యకు జబ్బు చేస్తే చూపించాలి. ఇవి ఇవ్వని సంఘం పాస్టరు త్యాగం గురించి పాటలు పాడకూడదు.

కారు కొన్నది మేమే

ఇశ్రాయేలు అయ్యగారి తర్వాత కొన్నాళ్లకు జయరాజు పాస్టరుగా వచ్చాడు. కుర్రాడు. గొంతు బాగుండేది, మనసూ బాగుండేది. వచ్చిన కొత్తలో కాలువకు గండి పడి పేట మునిగితే, మోకాలి లోతు నీళ్లలో నాతోపాటు ఇల్లిల్లూ తిరిగాడు. అతణ్ని దుర్మార్గుడుగా రాస్తే నా పని తేలికయ్యేది. కానీ అది అబద్ధం.

ఆ రోజుల్లో తునిలో పెద్ద కూడికలు జరిగాయి. ఎక్కడినుంచో వచ్చిన ఒక ప్రసంగీకుడు తెల్లటి పెద్ద కారు దిగాడు. వెనకే మా జయరాజు మోటారు సైకిలు మీద, దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో వచ్చాడు. గేటు దగ్గర కుర్రాళ్లు అతణ్ని ఆపి, "మీరెవరండి?" అని అడిగారు. మా ఆడవాళ్లు అది చూశారు. పేటకు వచ్చాక కరుణమ్మ అంది, "మన అయ్యగారిని గేటు కాడ ఆపేత్తారా? మనకి నామోషీ కాదా?"

కరుణమ్మది కూలిపని. భర్త లేడు, ఒక్కతే కూతురు సునీత. అందరం చందాలు వేసుకుని అయ్యగారికి కారు కొందామనుకుంటే, చేతికి వచ్చిన కోతల కూలి మొత్తం ఆమే మొదట ఇచ్చింది. నేనూ ఇచ్చాను, సంతోషంగానే ఇచ్చాను. ఆ సంతోషం మీకు అర్థం కావాలి. మా పేట మనుషులు ఊళ్లోకి వెళ్తే అరుగు మీద కూర్చోమనే నాథుడు లేని రోజులు నేను చూశాను. అలాంటి ఊరి మధ్యనుంచి మా అయ్యగారి కారు వెళ్తుంటే పెద్ద రైతులు పక్కకు జరిగేవారు. కారులో ఆయన ఒక్కడే కూర్చున్నా పేటంతా ఎక్కి తిరిగినట్టే ఉండేది. దైవజనులు డబ్బు దోచుకుంటున్నారని పేపర్లలో రాసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మా చేతులతో మేమే పెట్టాం.

కారు తర్వాత మేడ వచ్చింది. మేడ తర్వాత మిషను సంఘంలో ఇమడలేక అతను బయటికి వెళ్లాడు. హైవే పక్కన సొంత మందిరం కట్టాడు. మావాళ్లలో సగంమంది వెనకే వెళ్లారు, కరుణమ్మతో సహా. ఫోన్లో ఛానల్, స్టేజీ, తెరలు, లైట్లు. అక్కడ పిడికెడు బియ్యం తీసేశారు. బియ్యం గంప ఉండే చోట, ఫోనుతో కానుక పంపే స్కానర్ బోర్డు పెట్టారు. "బియ్యం మూటలు వీడియోలో బాగోవండి అమ్మగారూ" అని అక్కడి కుర్రాడు నాతో నవ్వుతూనే అన్నాడు. బియ్యం ఆగిపోయాక శనివారం ఇళ్లకు వెళ్లే మనిషీ ఆగిపోయింది. ఎవరింట్లో కుండ ఖాళీగా ఉందో చూసే పని ఎవరిదీ కాకుండా పోయింది.

సునీత

సునీతకు చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చింది. దానివల్ల గుండెలో కవాటం పాడైంది. డిగ్రీ చదువుతుండగా మెట్లెక్కితే ఆయాసం, కాళ్లవాపు మొదలయ్యాయి. కాకినాడలో పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఆపరేషన్ చేయాలి, ప్రభుత్వ పథకంలో ఉచితంగా చేస్తాం, ఆలస్యం చేయొద్దు అన్నారు. మూడు వారాలకోసారి ఇంజెక్షను, నీరు తీసే బిళ్లలు రాసిచ్చారు. ఆ బిళ్లలు వేసుకుంటే వాపు దిగింది.

వాపు దిగిన వారంలోనే జయరాజు మందిరంలో స్వస్థత కూడికలు జరిగాయి. అతను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "ఎలా ఉందమ్మా?" అని మైకు అందించాడు. సునీత ఆ రోజు నిజంగా తేలిగ్గా ఊపిరి పీలుస్తోంది. స్టేజీ మీద అటూ ఇటూ పరుగెత్తి, "నాకు ఆయాసం లేదండి, దేవుడు నన్ను బాగుచేశాడండి" అని చెప్పింది. జనమంతా లేచి నిలబడ్డారు. ఆ వీడియోను ఎక్కడెక్కడి మనుషులో చూశారు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన ఆడపిల్లలు కూడా చూసి కానుకలు పంపారు. వీడియో కింద స్కానర్ గుర్తు ఉంది.

మా క్రైస్తవుల్లో సాక్ష్యం అంటే ఏంటో బయటివాళ్లకు చెప్పాలి. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని సంఘం ముందు చెప్పడం. చెప్పాక అది ఇక దేవుడికి ఇచ్చేసిన మాట. దాన్ని వెనక్కి తీసుకోవడం దేవుణ్ని అబద్ధికుణ్ని చేయడం. అందుకే కరుణమ్మ ఇంజెక్షన్లూ బిళ్లలూ మాన్పించింది, ఆపరేషన్‌కూ తీసుకెళ్లలేదు. మానమని ఎవరూ చెప్పలేదు. సూది వేయిస్తుంటే పేటలో చూస్తారని, బాగైపోయాక మళ్లీ సూది దేనికని అడుగుతారని ఆమే మాన్పించింది.

నేను రిటైరైనా వంటిళ్లకు వెళ్లే అలవాటు పోలేదు. ఒకరోజు కరుణమ్మ ఇంటికి వెళ్తే సునీత మంచం మీద నాలుగు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది.

"ఇదేంటి కరుణమ్మా?"

"అంతా తగ్గిపోద్దండి. విశ్వాసానికి పరీచ్చండి ఇది."

సునీత తల్లి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. "నాకు బతకాలనుందండి అమ్మగారూ" అంది. మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి అంది.

కరుణమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెంగు తీసి అంది, "ఆయన స్టేజీ మీదే కదండి చెప్పించారు. ఆసుపత్రికి ఎల్లమని ఆయన్నే స్టేజీ మీద ఒక్క మాట అనమనండి. ఆ క్షణమే తీసుకెల్తాను. ఊరికే ఎల్తే నా బిడ్డని అబద్ధాలకోరంటారండి. దొంగసాచ్చెం చెప్పిందంటారు."

ఒక్క మాట

జయరాజు నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తనే తెచ్చి ఇచ్చాడు. సునీత సంగతి చెబితే మొహం పాలిపోయింది.

"నేను మందులు మానమని ఎప్పుడూ అనలేదండి ఎస్తేరమ్మగారూ."

"అనలేదు బాబూ. మానొద్దని కూడా అనలేదు. ఇవాళ సాయంత్రం కూడికలోనే అను. సునీత ఆపరేషన్‌కు వెళ్తోంది, అందరూ ప్రార్థన చేయండి అను. అంతే చాలు."

అతను కిటికీలోంచి బయట కడుతున్న కొత్త హాలు వైపు చూశాడు. "వైజాగ్‌లో పెద్ద హాస్పిటల్లో చేర్పిస్తానండి. ఖర్చంతా నాది. ఎంతైనా పర్వాలేదు. ఎవరికీ తెలియకుండా మన కారులోనే పంపిద్దాం."

"ఆ ఆపరేషన్ ఉచితమే బాబూ. డబ్బు కోసం రాలేదు నేను."

"మీకు తెలీదండి" అన్నాడు. గొంతు తగ్గించాడు. "బ్యాంకు లోను ఉంది. ఈ వారం జరిగే కన్వెన్షన్ కూడికల మీదే ఆధారపడి ఉన్నాం. మన దగ్గర జీతాలు తీసుకునే కుటుంబాలు ఎన్నున్నాయో మీకు తెలుసు. ఇప్పుడు ఆ అమ్మాయికి తగ్గలేదని నా నోటితో నేనే చెబితే, మిగతా సాక్ష్యాలన్నీ ఏమవుతాయండి? కన్వెన్షన్ అయిపోనివ్వండి. చివరి రోజు ఆదివారం నేనే చెబుతాను. ప్రమాణం చేస్తున్నాను."

చూశారా? వరదలో మోకాలి లోతు నీళ్లలో తిరిగిన మనిషే అతను. అప్పుడు అతని దగ్గర పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. మోటారు సైకిలు ఉన్న జయరాజు అయితే ఆ మాట నేను అడక్కముందే చెప్పేవాడు. ఈ జయరాజు ఆసుపత్రి ఖర్చంతా ఇస్తాడు గానీ ఒక్క వాక్యం ఇవ్వలేడు. డబ్బు మనిషిని చెడగొడుతుందని నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. అది ఎలా పనిచేస్తుందో ఆ గదిలో చూశాను.

కరుణమ్మకు చెప్పాను. రహస్యంగా కారులో వెళ్లడానికి ఒప్పుకోలేదు. "దొంగతనంగానా అండి? ఆదివారం ఎంతలో ఉంది, ఆయన చెప్తానన్నారుగా" అంది. ఆటో తెచ్చాను, గొడవపడ్డాను, చెయ్యి పట్టుకుని లాగాను. సునీతే నన్ను ఆపింది. "అమ్మని ఏమనకండి. ఆదివారం వెళ్దాం" అంది.

కన్వెన్షన్ మొదలైంది. మైకులు కాలువ ఇవతలికి వినబడుతున్నాయి. రెండో రోజు సాయంత్రం నేను సునీత మంచం పక్కనే ఉన్నాను. అక్కడ తెర మీద ఆ పాత వీడియో వేశారు. నాకు ఆయాసం లేదండి, దేవుడు నన్ను బాగుచేశాడండి అని సునీత గొంతే కాలువ దాటి ఇంట్లోకి వచ్చింది. జనం చప్పట్లు కూడా వినబడ్డాయి. సునీత దిండ్లకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"కిటికీ వేసేయండి అమ్మగారూ" అంది.

మర్నాడు శనివారం, మధ్యాహ్నం అన్నాల వేళ, తల్లి చేతిమీద పోయింది.

మిగిలింది

నేనే స్నానం చేయించాను. ఇది మన పనే. మీ చేతులూ అలవాటు పడతాయి, నా మాట నమ్మండి. కానీ ఒకరిద్దరి దగ్గర అలవాటు పనిచేయదు. ఆ ఉబ్బిన పాదాలకు తడి తుడుస్తుంటే నాకు ప్రార్థన రాలేదు, తిట్లే వచ్చాయి. పైకి అనలేదు గానీ దేవుడికి వినబడే ఉంటాయి.

జయరాజు వచ్చాడు. తెల్లబట్టలతో వాకిట్లో మట్టి మీద కూర్చుని ఏడ్చాడు. అది నటన కాదు. అద్దాల పెట్టె, పూలు, భోజనాలు అన్నీ అతనే పెట్టించాడు. సమాధి దగ్గర, ప్రభువు తన బిడ్డను పిలుచుకున్నాడని చెప్పాడు. ఆదివారం కన్వెన్షన్ ముగింపులో సునీత పేరు ఎత్తలేదు. ఇక ఎత్తవలసిన అవసరం లేకపోయింది.

కాబట్టి అమ్మాయిలూ, గడప గడపలోనూ మిమ్మల్ని అడిగే ఆ ప్రశ్నకు నా జవాబు ఇది. పాస్టరు ఆకలితో ఉండకూడదు. రత్నమ్మగారిని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కానీ నిజం చెబితే కూలిపోయేంత ఆస్తి అతనికి ఉండకూడదు. ఆ ఆస్తి మోసం చేసి సంపాదించినా, జనం ప్రేమతో పెట్టినా ఫలితం ఒక్కటే. మీరు ఎవరి దగ్గర పనికి చేరినా, అతని కారు ఎంత పెద్దదో చూడకండి, ఏ మాట చెప్పలేకపోతున్నాడో చూడండి. ఆ మాట వల్ల ఎవరి ప్రాణానికి ముప్పో కనుక్కోండి. కనుక్కున్నాక ఆదివారం దాకా ఆగకండి.

నెల దాటాక నేను మళ్లీ జయరాజు దగ్గరికి వెళ్లాను. ఆ వీడియో ఇంకా ఛానల్లో ఉంది. జనం చూస్తున్నారు, కింద ఆమెన్ అని రాస్తున్నారు, కానుకలు పంపుతున్నారు. తీసేయమన్నాను. వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు, తల వంచుకుని, "తీయించేస్తానండి, రేపే చెబుతాను కుర్రాళ్లకి" అన్నాడు. ఇన్నాళ్లకు ఒక పని సవ్యంగా చేశానని అటునుంచి అటే కరుణమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను.

ఆమె గడపలో కూర్చుని ఉంది. చేతిలో సునీత ఫోను. నేను చెప్పింది విని నా రెండు చేతులూ పట్టుకుంది.

"తీయించొద్దని చెప్పండి అమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను. దాని ఫోటోలున్నాయి గానీ, మాట ఇందులోనే ఉందండి. ఇంకెక్కడా లేదు."

నా జవాబు కోసం ఆగకుండా ఫోను నొక్కింది. సునీత స్టేజీ మీద అటూ ఇటూ పరుగెత్తింది. నేను ఆమె పక్కన గడప మీద కూర్చుని చివరిదాకా చూశాను. తర్వాత ఇంటికి వచ్చి, జయరాజుకు ఫోను చేసి, ఉండనివ్వమని చెప్పాను.